కవచం చేసే పాత్ర గురించి మీ వ్యాసంలో ఒక పొరపాటు

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో, బల్ల చుట్టూ కూర్చుని పాచికలతో ఆడే ఫాంటసీ ఆటల గురించి వచ్చిన వ్యాసం చదివాను. ఒకసారి కాదు, రెండుసార్లు చదివాను. ఇలాంటి ఆట గురించి తెలుగులో పేజీ నిండా రాసి, కొత్తవాళ్లను రమ్మని పిలవడం చూసి నిజంగా సంతోషమేసింది. మా గుంపులో అందరికీ ఆ పేజీ ఫొటో తీసి పంపాను కూడా. కానీ డంజియన్స్ అండ్ డ్రాగన్స్‌లో కవచం తయారు చేసుకుని ముందు నిలబడే పాత్ర, అంటే మంత్రబలంతో వస్తువులు చేసే ఆర్టిఫిసర్ క్లాస్ (పాత్రల రకం)లోని ఆర్మరర్ గురించి రాసిన నాలుగు వాక్యాలు చదివాక మనసు ఊరుకోలేదు. వాటిలో ఒకటి తప్పు. ఇంకొకటి అన్యాయం.

తప్పేంటంటే, ఆర్మరర్ తన ఉరుముల చేతి తొడుగుతో శత్రువును కొడితే ఆ శత్రువు ఇక అతని మీదే దాడి చేసి తీరాలని రాశారు. అలాంటి నియమం లేదు. అన్యాయమేంటంటే, గుంపులో ఆఖర్న చేరినవాళ్లకు, నియమాలు ఇంకా తెలియనివాళ్లకు ఈ పాత్ర ఇచ్చేస్తే సరిపోతుందని, ముందు నిలబడి దెబ్బలు తినడం తప్ప వీళ్లకు పెద్ద పనేమీ ఉండదని రాశారు. రెండేళ్లకు పైగా నేను ఆడుతున్నది ఈ పాత్రే. నా పాత్ర పేరు వజ్ర. ఇప్పుడు 9వ లెవెల్‌లో ఉంది. ఆ నాలుగు వాక్యాలకు జవాబు రాయడానికి ఆ మాత్రం హక్కు ఉందనుకుంటున్నాను.

ముందు తప్పు సంగతి. మేం ఆడేది ఆర్మరర్ మొదటిసారి పూర్తి రూపంలో అచ్చైన 2020 నాటి నియమాలతో. ఆర్మరర్ కవచం రెండు రకాలుగా అమర్చుకోవచ్చు. చాటుగా తిరగడానికి ఇన్‌ఫిల్ట్రేటర్, ముందు నిలబడటానికి గార్డియన్. గార్డియన్‌గా అమర్చుకున్నప్పుడు చేతులకు థండర్ గాంట్‌లెట్స్, అంటే ఆ ఉరుముల చేతి తొడుగులు, వస్తాయి. వాటితో ఒక శత్రువుకు దెబ్బ తగిలితే, నా తర్వాతి వంతు మొదలయ్యేదాకా ఆ శత్రువు నన్ను వదిలి ఇంకెవరిని కొట్టబోయినా డిజడ్వాంటేజ్‌తో కొట్టాలి. అంటే ఇరవై ముఖాల పాచిక రెండుసార్లు వేసి, తక్కువ వచ్చిన అంకెనే లెక్కలోకి తీసుకోవాలి. అంతే. ఎవరిని కొట్టాలన్నది ఇంకా శత్రువు ఇష్టమే.

ఇది చిన్న తేడాలా కనిపిస్తుంది. ఆట మొత్తం ఇక్కడే ఉంది, కాబట్టి లెక్క వేసి చూపిస్తాను. వజ్ర 3వ లెవెల్‌లో ఉన్నప్పుడు ఒంటి మీద గొలుసు కవచం, చేతిలో డాలు, కవచం మీద తనే ఎక్కించుకున్న ఒక మంత్రబలం. కవచానికి 16, డాలుకు 2, మంత్రానికి 1, మొత్తం ఆర్మర్ క్లాస్, అంటే దెబ్బ తగలాలంటే శత్రువు అందుకోవాల్సిన అంకె, 19. మా గుంపులో మంత్రాలు వేసే విజార్డ్‌ది 13. ఓగర్ అనే రాక్షసుడు పాచిక వేసి, వచ్చిన అంకెకు 6 కలుపుకుంటాడు. విజార్డ్‌ను కొట్టాలంటే పాచిక మీద 7 పడినా చాలు, అంటే నూటికి 70 సార్లు తగులుతుంది. నన్ను కొట్టాలంటే 13 పడాలి, నూటికి 40 సార్లు. నా చేతి దెబ్బ తిన్న ఓగర్ విజార్డ్ మీదికి వెళ్తే ఆ 70 కాస్తా 49కి పడిపోతుంది.

మళ్లీ చూడండి. 49 ఎక్కువా, 40 ఎక్కువా? నా దెబ్బ తిన్న తర్వాత కూడా, ఆ ఓగర్‌కు విజార్డే సులువైన గురి. మీ వ్యాసం నమ్మి ఒక కొత్త ఆటగాడు శత్రువును ఒక్కసారి కొట్టి, ఇక వీడు నా వాడే అని ధీమాగా నిలబడితే, వెనక ఉన్న స్నేహితుడు నేల మీద పడతాడు.

ఇది నాకు అనుభవంలో తెలిసిన సంగతి. అది మా మూడో ఆట, లేదా నాలుగో ఆట. వాగు ఒడ్డున విశాలమైన మైదానం, ఎదురుగా ఇద్దరు ఓగర్లు. ఆ లెవెల్‌లో నాకు వంతుకు ఒక్క దెబ్బే. ఉత్సాహంగా ముందుకు ఉరికి మొదటివాణ్ణి కొట్టాను, తగిలింది. వాడు నా మీదికే తిరిగాడు. రెండోవాడు నా వైపు చూడనైనా చూడకుండా పక్క నుంచి చుట్టు తిరిగి వెళ్లి, అప్పటికే గాయపడి ఉన్న విజార్డ్‌ను ఒక్క దుడ్డుకర్ర దెబ్బతో పడగొట్టాడు. గాయాలు మాన్పే క్లెరిక్ దగ్గర్లో ఉండి లేపింది కాబట్టి సరిపోయింది. ఆ రాత్రి ఇంటికి వెళ్లాక చాలాసేపు నిద్ర పట్టలేదు. నేను చేసిన పొరపాటు దెబ్బ వేయడంలో లేదు, నిలబడిన చోటులో ఉంది.

అప్పటినుంచి గళ్ల కాగితం మీద బొమ్మలు పెట్టుకుని ఒంటరిగా కూర్చుని చూసుకున్నాను. శత్రువు నాకు అందేంత దూరంలోకి వచ్చి, ఆ దూరం దాటి వెళ్లబోతే, నా వంతు కాకపోయినా ఒక దెబ్బ వేసే అవకాశం వస్తుంది. ఆ దెబ్బ కూడా ఈ చేతి తొడుగుతోనే వేయొచ్చు. తగిలితే, వాడు విజార్డ్ దాకా వెళ్లేసరికే డిజడ్వాంటేజ్ పట్టుకుని ఉంటుంది. కానీ విజార్డ్ భయపడి నా వీపుకు అంటుకుని నిలబడితే ఈ ఉపాయం పనిచేయదు. ఓగర్ ఒళ్లు పెద్దది, రెండు గళ్ల వెడల్పు, రెండు గళ్ల పొడవు ఆక్రమిస్తాడు. నా అందుబాటులోంచి కదలకుండానే విజార్డ్‌ను కొట్టేస్తాడు. అందుకే మా విజార్డ్‌ను ఎప్పుడూ నాకు నాలుగైదు గళ్లు వెనక, ఏ రాయి పక్కనో గోడ పక్కనో నిలబడమంటాను. మొదట్లో అతనికి అది వింతగా ఉండేది. కాపాడేవాళ్లకు దూరంగా జరగమంటుందేమిటని. ఇప్పుడు నేను చెప్పక ముందే తనే వెళ్లి నిలబడతాడు.

నియమాలు తెలియనివాళ్లకు ఇవ్వదగ్గ పాత్రా ఇది?

మీ వ్యాసకర్తకు ఆ పొరపాటు ఎక్కడి నుంచి వచ్చిందో ఊహించగలను. కంప్యూటర్‌లో ఆడే ఆటల్లో అలా ఉంటుంది. 2004లో వచ్చిన వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో వారియర్ టాంట్, అంటే శత్రువును రెచ్చగొట్టే విద్య, వేస్తే, యంత్రం నడిపే రాక్షసుడు అతని వైపు తిరగాల్సిందే. ఆ అలవాటుతో చూస్తే ఇక్కడా అంతే అనిపిస్తుంది. బల్ల దగ్గర రాక్షసుణ్ణి నడిపేది గేమ్ మాస్టర్, మనలాంటి మనిషి. ఆ మనిషి ముందు నేను ఒక ప్రశ్న పెడుతున్నాను. ఈ రాక్షసుడికి తెలివి ఎంత? వీడికి కోపం ఎక్కువా, ఆకలి ఎక్కువా? చేతికి ఎదురు తగులుతున్న ఈ ఆడమనిషిని వదిలి వెనక్కి వెళ్తాడా? డిఫెండర్, అంటే రక్షకుడు, అనే మాటను ఈ ఆటలో ఒక పాత్రకు అధికారికంగా వాడింది 2008లో వచ్చిన నాలుగో ఎడిషన్‌లో. అక్కడ కూడా డిఫెండర్ గుర్తు వేసిన శత్రువు ఇతరుల మీదికి వెళ్తే పాచిక అంకెలో 2 తగ్గేది, డిఫెండర్ మీదే దాడి చేసి తీరాలని లేదు. ఆ రోజుల్లో ఆర్టిఫిసర్‌ను డిఫెండర్ల వరుసలో కూడా పెట్టలేదు, తోటివాళ్లకు బలం ఇచ్చే లీడర్ల వరుసలో పెట్టారు. ఆ సంగతి నాకు చాలా ఇష్టం. ఎందుకో కింద చెప్తాను.

నా వృత్తి కృత్రిమ కాళ్లు, చేతులు తయారు చేయడం. పద్నాలుగేళ్లుగా అదే పని. కాలు పోయిన మనిషి వస్తే, మిగిలిన భాగానికి ప్లాస్టర్ కట్టి అచ్చు తీస్తాం. ఆ అచ్చులో మళ్లీ ప్లాస్టర్ పోసి నమూనా చేసుకుని, ఎక్కడ బరువు మోయగలదో అక్కడ కొంచెం చెక్కి, ఎక్కడ ఎముక తగిలి నొప్పి పుడుతుందో అక్కడ కొంచెం పూసి, దాని మీద వేడి చేసిన ప్లాస్టిక్ షీటు పరిచి సాకెట్ తయారు చేస్తాం. ఎంత జాగ్రత్తగా చేసినా మొదటిసారే సరిగ్గా కుదరడం అరుదు. వాళ్లను నాలుగడుగులు వేయించి నేను అడిగే మొదటి ప్రశ్న, "ఎక్కడ ఒత్తుతోంది?" పొద్దున సరిపోయిన సాకెట్ సాయంత్రానికి వదులవుతుంది, ఎందుకంటే ఒళ్లు రోజంతా ఒకేలా ఉండదు. మొదటి కొన్ని నెలల్లో ఆ భాగం సన్నబడుతుంది కాబట్టి మళ్లీ కొత్తది చేయాలి. చేసిచ్చేసి చేతులు దులుపుకునే పని కాదిది.

మా గుంపులో చేరిన రోజు ఏ పాత్ర కావాలని అడిగితే, పుస్తకం తిరగేస్తూ ఆర్మరర్ దగ్గర ఆగిపోయాను. ఆ కవచం ఒంటికి అతుక్కుని ఉంటుందనీ, ఇష్టం లేకుండా ఎవరూ తీయలేరనీ, లేని కాలో చెయ్యో ఉంటే ఆ స్థానంలో తనే కాలూ చెయ్యీ అయి అచ్చం వాటిలాగే పనిచేస్తుందనీ ఉంది. ఆ వాక్యం చదివి నేను పుస్తకం మూసేశాను, మళ్లీ తెరిచి చదివాను. నిజ జీవితంలో అచ్చం వాటిలాగే అనే మాట మేం ఎవరికీ ఇవ్వలేం. ఆ మాట ఇవ్వకూడదని మాకు మొదటి ఏడాదే నేర్పుతారు. అందుకే వజ్రకు మోచేతి కింద ఎడమ చెయ్యి లేకుండా రాసుకున్నాను. కవచం వేసుకున్నప్పుడు ఆ చేత్తోనే డాలు పట్టుకుంటుంది. తీసేస్తే డాలు లేదు.

ఇప్పుడు నాకు ఇష్టమైన ఆ సంగతి. ఆర్టిఫిసర్ వస్తువుల మీదికి మంత్రబలం ఎక్కించగలదు. దాన్ని ఇన్‌ఫ్యూజన్ అంటారు. ఒక రాత్రి పూర్తి విశ్రాంతి చివర్లో, వస్తువును తాకి ఎక్కించాలి. 2వ లెవెల్‌లో ఒకేసారి రెండు వస్తువుల మీదే ఉంచగలం, 6వ లెవెల్‌లో మూడు. ఒకే రకం మంత్రం ఒకేసారి రెండు వస్తువుల మీద ఉండదు. కొత్తది ఎక్కిస్తే, హద్దు దాటినప్పుడు అన్నిటికన్నా పాతది పోతుంది. అంటే ప్రతి రాత్రీ ఎవరికి ఏది కావాలో కొత్తగా ఆలోచించుకోవచ్చు.

వాగు ఒడ్డున విజార్డ్ పడిపోయిన ఆట తర్వాత, రాత్రి మకాం వేసినప్పుడల్లా వజ్ర అందరి దగ్గరికీ వెళ్లి అడుగుతుంది, ఈ రోజు ఎక్కడ తగిలింది అని. మొదట మామూలు కబుర్లలా ఉండేది. తర్వాత అందరూ నిజంగా చెప్పడం మొదలుపెట్టారు. మా రోగ్ ఆడే అమ్మాయి, చాటుగా వెళ్లినప్పుడు దొరికిపోతే తోలు కవచం ఒక్క దెబ్బ కూడా ఆపడం లేదంది. విజార్డ్, సాలెగూడు మంత్రం వేసి దాని మీద మనసు నిలిపి ఉంచలేకపోతున్నానని, చిన్న దెబ్బ తగిలినా మంత్రం తెగిపోతోందని చెప్పాడు. బార్బేరియన్ ఆడే అబ్బాయి నాకేం వద్దు అన్నాడు, ఎప్పుడూ అలాగే అంటాడు.

6వ లెవెల్‌కు వచ్చాక నా మూడు ఇన్‌ఫ్యూజన్లలో నా కోసం ఒకటే ఉంచుకున్నాను. దగ్గరికొచ్చి కొట్టినవాణ్ణి 15 అడుగులు వెనక్కి నెట్టే డాలు అది. కవచానికి ఒకటి పెంచే మంత్రం నా మీద నుంచి తీసి రోగ్ తోలు కవచం మీద పెట్టాను. మూడోది విజార్డ్ అంగీ మీద. మైండ్ షార్పెనర్ అంటారు దాన్ని. మనసు నిలపడంలో ఓడిపోయినప్పుడు ఆ అంగీలోని నాలుగు చార్జుల్లో ఒకటి ఖర్చు పెట్టి గెలిచినట్టు మార్చుకోవచ్చు. ఆ తర్వాత ఒక గుహలో జరిగిన పోరులో మూడు దెబ్బలు తిన్నా విజార్డ్ సాలెగూడు తెగలేదు. సగం మంది శత్రువులు అందులోనే చిక్కుకుపోయారు. ఆ పోరులో నా దాకా వచ్చినవాళ్లు ఇద్దరే. రక్షకురాలిగా నేను చేసిన అతి పెద్ద పని ఆ రోజు పోరు మొదలవక ముందే, ముందు రోజు రాత్రే అయిపోయింది.

ఆర్మరర్ ఆడే చాలామంది ఇన్‌ఫ్యూజన్లన్నీ తమ మీదే పెట్టుకుంటారు. అది తప్పనను, ముందు నిలబడేది వాళ్లే. పైగా ఆర్టిఫిసర్‌కు ప్రాణబలం ఫైటర్ కన్నా, బార్బేరియన్ కన్నా తక్కువ. 3వ లెవెల్‌లో నాకు 24 హిట్ పాయింట్లు, ఓగర్ దెబ్బ సగటున 13. రెండు తగిలితే నేను పడినట్టే. గార్డియన్ కవచంలో ఉండే డిఫెన్సివ్ ఫీల్డ్ అనే రక్షణ వాడితే తాత్కాలికంగా మన లెవెల్ ఎంతో అన్ని పాయింట్లు వస్తాయి, అప్పట్లో మూడంటే మూడు. అందుకే దెబ్బలు తినే పాత్ర అన్న మాట నాకు రుచించలేదు. దెబ్బలు తినాల్సిన పాత్ర అయితే బార్బేరియన్ నాకన్నా బాగా తింటాడు. నేను చేయాల్సింది, దెబ్బ అసలు పాచిక దగ్గరే ఆగిపోయేట్టు చూడటం.

ఒక రాత్రి సంగతి చెప్పకుండా ఉండలేను. 5వ లెవెల్‌లో ఉన్నాం. అడవిలో మకాం, ఆరు తోడేళ్లు మీద పడ్డాయి. వజ్ర నిద్రపోతోంది, కవచం పక్కన ఉంది. మామూలు బరువు కవచం వేసుకోవాలంటే నియమాల ప్రకారం 10 నిమిషాలు పడుతుంది. ఆర్మరర్ ఒక్క యాక్షన్‌లో వేసుకోగలదు. కానీ ఆ ఒక్క యాక్షన్ అంటే ఒక వంతు పూర్తిగా పోయినట్టే. నా వంతు రాకముందే రెండు తోడేళ్లు నా మీదికి వచ్చాయి. ఒంటి మీద ఏమీ లేదు, ఆర్మర్ క్లాస్ 11, ఒక చెయ్యి లేదు. అప్పుడు మా విజార్డ్, నేను ఎప్పుడూ వెనక్కి పొమ్మనే మనిషి, మంత్రం వేసి దూరంగా జరగొచ్చు. అలా చేయలేదు. వచ్చి నా ముందు నిలబడ్డాడు. రోగ్ ఇంకో పక్క నిలబడింది. నా వంతు వచ్చింది. కవచం వేసుకుంటున్నానని మాత్రం చెప్పాను. మా గేమ్ మాస్టర్ కాసేపు ఆగి, కవచం ముందు ఎడమ భుజం దగ్గర మూసుకుందని, మోచేతి కిందికి పలకలు ఒకదాని మీద ఒకటి జారుకుంటూ వెళ్లాయని, చివర్లో ఇనుప వేళ్లు ఒకసారి ముడుచుకుని తెరుచుకున్నాయని చెప్పింది.

బల్ల దగ్గర ఎవరూ మాట్లాడలేదు. కొత్త చెయ్యి అమర్చాక వేళ్లు మొదటిసారి కదిలించి చూసుకునే మనుషుల ముఖాలు నాకు తెలుసు. మా గేమ్ మాస్టర్‌కు నా ఉద్యోగం గురించి ఒకటి రెండుసార్లే చెప్పాను, ఆమె అంత గుర్తు పెట్టుకుందని అప్పుడే తెలిసింది. తర్వాతి వంతులో నేను రెండు తోడేళ్లను కొట్టాను. 5వ లెవెల్ నుంచి రెండు దెబ్బలు వేయొచ్చు కాబట్టి ఇద్దరు శత్రువులను ఒకేసారి మనవైపు లాగే వీలుంటుంది. విజార్డ్‌ను వెనక్కి పంపాను. నాలుగు గళ్లు.

ఈ పాత్రకు లోపాలు లేవని నేననను. చేతి తొడుగు దెబ్బ శత్రువు వేసే దాడి పాచికనే అడ్డుకుంటుంది. మంటలు ఊదే డ్రాగన్‌కు, మనల్ని సేవింగ్ త్రో, అంటే తప్పించుకోవడానికి మనమే వేసుకునే పాచిక, వేయమనే మంత్రగాడికి అది అడ్డు కాదు. వాళ్లను ఎన్నిసార్లు కొట్టినా మా విజార్డ్ మీద నిప్పు కురిపించే తీరుతారు. 7వ లెవెల్‌లో ఫ్లాష్ ఆఫ్ జీనియస్ వచ్చాక, 30 అడుగుల లోపు ఉన్న తోటివాళ్ల సేవింగ్ త్రోకు నా తెలివి అంకె కలపగలుగుతున్నాను. దాంతో ఆ లోటు కొంత తీరింది, మొత్తం తీరలేదు. దూరం నుంచి బాణాలు వేసేవాళ్లంటే ఇప్పటికీ టెన్షనే.

మీ వ్యాసంలో ఇంకో చిన్న మాట, బరువు కవచం వేసుకున్నవాళ్లు లేచి కదలడమే కష్టమని. చరిత్రలో అలా లేదు. పదిహేనో శతాబ్దంలో మిలాన్‌లో, ఆగ్స్‌బర్గ్‌లో చేసిన పూర్తి పలకల కవచాలు దాదాపు 20, 25 కిలోల బరువుండేవి. ఆ బరువు ఒళ్లంతా పంచుకునేట్టు, ఆ మనిషి కొలతలకే చేసేవాళ్లు. వాటితో పరుగెత్తేవాళ్లు, గుర్రం ఎక్కేవాళ్లు. బరువు ఒక్క చోట పడకుండా పంచడమే అక్కడి పనితనం. మా పనిలోనూ అంతే.

చివరగా గేమ్ మాస్టర్లకు ఒక మాట, మీరు వేస్తే వాళ్లకూ చేరుతుందని. కవచం చేసే పాత్రకు సమయం ఇవ్వండి. 2014 నాటి నియమాల ప్రకారం మామూలు వస్తువు తయారీలో రోజుకు 5 బంగారు నాణేల విలువైన పనే సాగుతుంది. 75 నాణేల గొలుసు కవచానికి 15 రోజులు. 1,500 నాణేల పలకల కవచానికి ఏకంగా 300 రోజులు, దానికి 750 నాణేల ముడిసరుకు. పని తెలిసినవాళ్లు ముగ్గురు ఒకే చోట కలిసి చేస్తే 100 రోజుల్లో అవుతుంది. 2024లో వచ్చిన కొత్త నియమాల్లో రోజుకు 10 నాణేల లెక్క పెట్టారు కాబట్టి ఒక్కరే చేసినా 150 రోజులు. అది కూడా తక్కువేం కాదు. ఎప్పుడూ ఒక ప్రమాదం మీద ఇంకో ప్రమాదం పడుతూ ఉంటే, ఈ పాత్ర చేతిలో సుత్తి ఉన్నా ఒక్క పలక కూడా సాగగొట్టే వీలుండదు. మా గేమ్ మాస్టర్ ఒక చలికాలమంతా కథను ఆపి, మమ్మల్ని ఒక కొండ ఊళ్లో ఉంచింది. అక్కడి కమ్మరి, ఆయన కూతురు, వజ్ర ముగ్గురూ కలిసి పలకల కవచం చేశారు. ఆ నాలుగు ఆటల్లో ఒక్క పోరు లేదు. మా వాళ్లెవరికీ విసుగు రాలేదు.

9వ లెవెల్‌లో ఆ కవచం నాలుగు వేర్వేరు భాగాలుగా లెక్కలోకి వస్తుంది. ఛాతీ, బూట్లు, శిరస్త్రాణం, ఆయుధం. ఇన్‌ఫ్యూజన్లు మూడు కాస్తా అయిదయ్యాయి. అదనంగా వచ్చిన రెండూ నా కవచం మీదే ఉండాలని నియమం. అంటే ఇప్పుడు నా కోసం రెండు ఉంచుకుని, మిగతా మూడూ నిశ్చింతగా తోటివాళ్లకు ఇవ్వొచ్చు. బార్బేరియన్ ఈసారి కూడా నాకేం వద్దన్నాడు. అయినా అతని గొడ్డలి మీద ఒకటి ఎక్కించాను.

మీ వ్యాసం రెండో భాగం వచ్చే ఆదివారం ఉందని రాశారు. అందులో రెండు పంక్తులు కేటాయించి, థండర్ గాంట్‌లెట్స్ శత్రువును బలవంతం చేయవని, ఇతరుల మీది దాడికి డిజడ్వాంటేజ్ మాత్రమే ఇస్తాయని సవరణ వేయమని కోరుతున్నాను. ఆఖర్న చేరినవాళ్లకు ఇవ్వమన్న వాక్యాన్ని కూడా తీసేస్తే సంతోషిస్తాను. కొత్తగా చేరిన మనిషికి ఈ పాత్ర ఇవ్వకూడదని కాదు. నేనూ కొత్తగా చేరినప్పుడే తీసుకున్నాను. కానీ ఇచ్చేముందు వాళ్ల పక్కన కూర్చుని, గళ్ల కాగితం మీద బొమ్మలు పెట్టి, వెనక ఉన్నవాళ్లు ఎన్ని గళ్ల దూరంలో ఉండాలో ఒకసారి చూపించమని రాయండి. నాకు అలా ఎవరూ చూపించలేదు, అందుకే ఆ రోజు వాగు ఒడ్డున విజార్డ్ పడిపోయాడు.

ఇట్లు,
మీ పాఠకురాలు
(కృత్రిమ అవయవాల టెక్నీషియన్, 9వ లెవెల్ ఆర్మరర్)